నీలం ఎక్కని వేర్లు

నలభై ఒక్క గాజు గొట్టాల్లో ఒక్కటి కూడా నీలంగా మారలేదు.

పూర్ణిమ గొట్టాల స్టాండును కిటికీ వెలుతురులోకి జరిపి మళ్ళీ చూసింది. రాత్రంతా ద్రావకంలో నానిన వరి వేరు ముక్కలు తెల్లగా అడుగున పడి ఉన్నాయి. నాలుగేళ్ళ పని ఆ రంగు మీదే ఆధారపడి ఉంది. చౌడు నేలను తట్టుకునే పరాయి జన్యువును ఆమె వరి కణాల్లోకి ఎక్కించింది. దాని వెంట గుర్తు కోసం ఇంకో జన్యువును తోకలా తగిలించింది. అది లోపల ఉంటే వేరు నీలంగా మారుతుంది, లేకపోతే మారదు.

"ఇంకెంతసేపు చూస్తవ్?" అంది వెనక నుంచి హారిక. "తెల్లగున్నది తెల్లగనే ఉంటది."

హారిక మిర్యాలగూడ రైస్ మిల్లర్ నాగేశ్వర్ రావు కూతురు. ఈ ల్యాబు ఆయన పెట్టించిందే. తాళాలూ, కెమెరాలూ, నిర్వహణ అంతా హారికది.

"పోయిన నెల ఐదు మొక్కలు పరీక్ష చేసిన. ఐదూ నీలమే. ఫొటోలున్నయ్ కదా," అంది పూర్ణిమ.

"ఫోన్ల ఫొటోకు ఏ రంగైనా వేయొచ్చు."

సీనియర్ శాస్త్రవేత్త శ్రీధర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సారీ పూర్ణిమా. నువ్వు చూపించావని నేను నమ్మాను. స్వయంగా చూడకపోవడం నా తప్పే."

ఆ మాట ఆమెను హారిక మాటలకన్నా గట్టిగా తాకింది.

నాగేశ్వర్ రావు కుర్చీలోంచి లేచాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ అరవడు. ఇప్పుడూ అరవలేదు. "సాయంత్రం ఐదింటికి హైదరాబాద్ నుంచి అనుమతి ఇచ్చే కమిటీ వస్తున్నది. నీ మొక్కలు చూడనీకె వస్తున్నరు. వాళ్ళకు ఏం చూపెట్టాలె? నాలుగేండ్లు నన్ను మోసం చేసినవని పోలీసులకు కాగితం ఇస్త. హారికా, టైపు చెయ్యి."

"సేటూ, జర ఆగుండ్రి." తలుపు దగ్గర జార్ల ట్రాలీ పట్టుకుని నిలబడిన బిక్షం అన్నాడు. మొక్కలు పెరిగే జెల్లీ కాచేది అతనే. "పోలీసులెందుకు? ద్రావకం పాతదేమో. లేకుంటే ఇంకోసారి మొదటి నుంచి పుట్టిద్దాం. నేనున్న గద."

"నువ్వు ఊకో బిక్షం," అంది హారిక.

పూర్ణిమ వరండాలోకి వచ్చి తండ్రికి ఫోన్ చేసింది. ఆయన సూర్యాపేట డిపోలో కండక్టర్. ఆమె ఏడుపు సగం వినగానే డ్యూటీ దిగి, బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ఒక ఆఫీసు మెట్లు ఎక్కాడు.

*

పది దాటి పది నిమిషాలకు ఒక పాత తెల్ల కారు ల్యాబు ముందు ఆగింది. దిగిన మనిషిని చూస్తే ఎరువుల దుకాణం యజమాని అనుకుంటారు. పొట్టి చేతుల చొక్కా, బట్టతల, జేబులో చిన్న నోటుబుక్కు. ప్రైవేట్ డిటెక్టివ్ జవహర్. కారు నడిపిన అమ్మాయి అతని అసిస్టెంట్ మనస్విని. ఆరేళ్ళుగా ఆమె అతని చూపు నేర్చుకోవాలని ప్రయత్నిస్తోంది. ఇంకా సగం కూడా రాలేదని ఆమె అభిప్రాయం.

నాగేశ్వర్ రావు అతన్ని గుర్తుపట్టాడు. మూడేళ్ళ క్రితం మిల్లులో బస్తాలు మారిన సంగతి తేల్చింది ఈ మనిషే.

"నువ్వొచ్చినవా జవహరూ. చూసుకో. కని ఐదు దాటితే నేను ఆగ."

"ఐదు దాక నాకు ఏ తలుపూ మూయొద్దు సేటూ. గంతే."

అతను ముందుగా పూర్ణిమను కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాడు. "నాకు సైన్సు రాదు బిడ్డా. హుజూర్‌నగర్ కాడ వరి మడిలో పెరిగిన. వరి సంగతి తెలుసు. నువ్వు చేసింది నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

పూర్ణిమ కళ్ళు తుడుచుకుంది. "వరి గింజ నుంచి మెత్తటి ముద్దలు పెంచుతం సార్. అవన్నీ కణాలే. నేలలో ఒక బాక్టీరియా ఉంటది. అది తన జన్యువును మొక్క కణంలోకి దూర్చగలదు. మేం దాని మీద మాకు కావల్సిన జన్యువును ఎక్కించి, ముద్దల్ని అందులో ముంచుతం. జన్యువు ఎక్కిన కణం మళ్ళీ మొక్కగా మారుతది. ఒక్కో మొక్క ఒక్కో కణం నుంచి పుట్టింది. అందుకే జారుకు ఒకటే పెడతం."

"ఎన్నిట్ల ఎక్కింది?"

"మొదటి రెండేండ్లు ఒక్కటి కూడా బతకలే. ముద్దలు కుళ్ళిపోయేవి. తర్వాత పద్ధతి మార్చినం. ముంచి తీసినంక తడి ఆర్చి, మండె కట్టినట్టు రెండు రోజులు ఒత్తి పెట్టినం. అప్పుడు నలభై ఒకటి వచ్చినయ్."

జవహర్ పెన్ను ఆగింది. మండె కట్టడమంటే నానిన వడ్లను గోనెలో బిగించి మొలకెత్తించడం. అది రైతుల పని.

"పద్ధతి మార్చింది ఎవరు?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. "మేమే సార్."

జవహర్ నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. తర్వాత కమిటీకి పంపిన దరఖాస్తు ఫైలు అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీలో పరిశోధకుల పేర్లు రెండు: పూర్ణిమ, శ్రీధర్.

*

మొక్కల గది చల్లగా, తెల్లటి దీపాల కింద ఉంది. అరల్లో నలభై ఒక్క గాజు జార్లు. ప్రతి మూతకూ రబ్బరు బ్యాండుతో ఒక నంబరు చీటీ. లోపల జానెడు వరి మొక్కలు పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"వారం కింద కొత్త జార్లలోకి మార్చిన," అంది పూర్ణిమ. "నిన్న సాయంత్రం పరీక్ష కోసమే మూతలు తీసిన. మొక్కను బయటికి లాగలే. గోడకు ఆనిన వేరు కొనను పొడుగు పట్టుకారుతో కత్తిరించిన. వారంలనే ఎంత ఎదిగినయో అని సంబరపడ్డ కూడా."

"జెల్లీలో ఏం కలుపుతరు?"

"ఒక మందు. పరాయి జన్యువుతో పాటు ఆ మందును తట్టుకునే గుణం కూడా ఎక్కిస్తం. జన్యువు ఎక్కని మామూలు వరి ఆ జెల్లీలో వారం తిరగకముందే మాడిపోతది."

"మరి నిన్నటి పరీక్ష ప్రకారం ఇవి మామూలు వరి. మాడలే. పచ్చగున్నయ్."

పూర్ణిమ ఒక జారును దీపం వైపు ఎత్తి చూసింది. మనస్విని గబగబా రాసుకుంది. ఆమెకు ఈ క్షణాలంటే ఇష్టం. అందరి కళ్ళ ముందూ ఉన్నదాన్ని ఆయన ఒక్కడే చూసే క్షణాలు.

"అంటే ఈ జెల్లీలో మందు లేదు," అంది పూర్ణిమ మెల్లగా.

"ఒక మొక్క బయటికి తియ్యి."

ఆమె పట్టుకారుతో ఒక మొక్కను లాగింది. జవహర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని, జెల్లీ తుడిచి, వేర్లకూ కాండానికీ నడుమ గోటితో గీకాడు. ఒక పక్క గోధుమ రంగులో మెత్తటి తొక్క ఊడింది. గింజ తొక్క.

"కణం నుంచి పుట్టిన మొక్కకు గింజ ఉంటదా?"

"ఉండదు సార్!" ఆమె దాదాపు అరిచింది. "దానికి గింజే లేదు. ఇవి వడ్లు మొలకేసి పెంచినవి. ఇవి నావి కావు!"

తలుపు దగ్గర నిలబడిన హారిక చప్పట్లు కొట్టినట్టు రెండు చేతులూ కలిపింది. "బాగుంది. గింజలు పెంచి, నంబర్లు కట్టి, జన్యు మొక్కలని చెప్పింది. మోసం మీరే రుజువు చేసిండ్రు సార్."

పూర్ణిమ మొహం పాలిపోయింది. జవహర్ కాదనలేదు. హారిక చెప్పింది కూడా వీలైన సంగతే. అసలు మొక్కలు దొరికితే తప్ప ఈ అమ్మాయి బయటపడదు. గడియారం పదకొండు చూపిస్తోంది.

"ఈ గది తలుపు ఎవరి వేలు పెడితే తెరుచుకుంటది?"

"ముగ్గురిది," అంది హారిక. "పూర్ణిమ, శ్రీధర్, బిక్షం. నా వేలు పెట్టొద్దని డాడీనే అన్నడు. నేను ఈ ల్యాబు తీసేసి గోదాం చేద్దామని పోరుతున్న గద, నా మీద నమ్మకం లేదు." ఆమె దాచలేదు. "కెమెరా చూస్తరా?"

చూశారు. వారం రోజుల దృశ్యాల్లో వింతేమీ లేదు. పూర్ణిమ వస్తుంది, పోతుంది. శ్రీధర్ వస్తాడు, పోతాడు. బిక్షం పొద్దునా సాయంత్రం జార్ల ట్రాలీ తోస్తూ వస్తాడు, పోతాడు. ఒక్కటే తేడా: ఆదివారం మధ్యాహ్నం శ్రీధర్ ఒక థర్మోకోల్ పెట్టె మోసుకుని గేటు దాటాడు.

*

"అది నా సొంత పని," అన్నాడు శ్రీధర్.

"పెట్టెలో ఏముంది?"

"చెప్పాల్సిన అవసరం లేదనుకుంటాను."

"మీరెక్కడి వాళ్ళు సార్?"

"కోదాడ. నాన్నగారిది కిరాణా హోల్‌సేల్. దానికీ దీనికీ ఏమిటండీ సంబంధం?"

"ఊరికెనే. కుదురుకు ఎన్ని మొక్కలు పెడతరు?"

శ్రీధర్ అయోమయంగా చూశాడు. "కుదురు అంటే?"

జవహర్ నవ్వాపుకుని మనస్విని వైపు తిరిగాడు. "కోదాడలో విత్తనాల కంపెనీలు ఎన్ని ఉన్నయో చూడు. కారు తీస్కపో. హుజూర్‌నగర్ మీదుగ పోతే తొందరగ చేరుతవ్."

మనస్విని కారు తాళాలు అందుకుని వెళ్ళిపోయింది. జవహర్ జెల్లీ గదిలోకి నడిచాడు. పెద్ద గిన్నెలో జెల్లీ ఉడుకుతోంది. బిక్షం గరిటె తిప్పుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతులు మోటుగా ఉన్నా గరిటె మీద చాలా సున్నితంగా కదులుతున్నాయి.

"మందు కలిపిన జెల్లీకీ కలపనిదానికీ చూపుకు తేడా తెలుస్తదా?"

"తెల్వదు సార్. రెండూ నీళ్ళ లెక్కనే ఉంటయ్. అందుకే రాసి పెట్టుకోవాలె."

"మీదే ఊరు?"

"వేములపల్లి. రెండెకరాలుంది. నాట్లప్పుడు సెలవు పెడ్త."

"నారు సరిపోను పోస్తవా?"

"సరిపోను పోస్తే ఎట్ల సార్? జర ఎక్కువనే పొయ్యాలె. కొన్ని చచ్చి సందులు పడ్తయ్ గద." అతను గరిటె ఆపాడు. "మేడం మంచిది సార్. ఆమె మీద కేసు గిట్ల పెట్టనియ్యకుండ్రి. మొక్కలు పోతే మళ్ళ పుట్టించుకోవచ్చు."

"పుట్టించేది ఎవరు?"

బిక్షం గిన్నెలోకే చూస్తూ మళ్ళీ గరిటె తిప్పాడు.

*

ల్యాబు వెనక ఏసీ యంత్రాల నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడేచోట నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ ఒక విరిగిన పెయింటు బకెట్టు కనిపించి జవహర్ వంగాడు. బకెట్టులో బురద. బురదలో మూడు వరి కుదుళ్ళు, కుదురుకు మూడేసి మొక్కలు. ఒక్కో కుదురు మీద అడుగు కోసిన నీళ్ళ సీసా బోర్లించి ఉంది.

జార్లు కడిగే మైసమ్మ పక్కనే కుళాయి కింద కూర్చుని ఉంది. మాడుగులపల్లి మనిషి. వానాకాలం నాట్లలో కూలికి పోతుంది, మిగతా నెలలు ఇక్కడ పని.

"ఇవి నువ్వు పెట్టినవా మైసమ్మా?"

"నేనెందుకు పెడ్త సారూ? ముప్పయ్యేండ్ల సంది నాటేస్తున్న. వరి నారుకు టోపీ పెట్టుడు ఎన్నడన్న చూసిన్నా?" ఆమె పకపకా నవ్వింది. "ఎండకు నల్లవడ్తయని పెట్టిన్రేమో, పెండ్లిపిల్లలు గద!"

"కని నాటింది మంచిగనే నాటిన్రు గద?"

మైసమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుని సీసా ఎత్తి చూసింది. నవ్వు తగ్గింది. "బొటనవేలుతోని ఒత్తిన్రు. ఇది మడిల నాటేటోళ్ళ చెయ్యే."

"ఎన్ని రోజులైంది?"

"నాలుగైదొద్దులు గావొచ్చు. ఆదివారం నేను రాలే. సోమవారం చూసిన."

జవహర్ ఒక మొక్కను పీకి వేరు కడిగాడు. బురద కింద చిన్న జెల్లీ ముక్క ఇంకా అంటుకుని ఉంది. గింజ తొక్క కూడా. జార్లలోకి చేరిన దొంగ మొక్కల తోబుట్టువులివి. మొక్కను మళ్ళీ అక్కడే నాటి, సీసా బోర్లించి, లేచాడు.

ఒకటిన్నరకు మనస్విని ఫోన్ చేసింది. "సార్, దొరికింది. స్పీకర్ పెడుతున్న, వినండి." ఆ కంపెనీ రిసెప్షనిస్టు గొంతు వినిపించింది. "అవునండీ, శ్రీధర్ గారు ఆదివారం ఇంటర్వ్యూకి వచ్చారండీ. ఆయన పెంచిన ఆర్కిడ్ మొక్కలు పెట్టెలో తెచ్చి చూపించారు. మా మేడం గారి బల్ల మీదే ఉన్నాయి, చాలా బాగున్నాయండీ."

"వరి మొక్కలేమైనా?" అని అడిగాడు జవహర్.

"లేవండీ. మాది పూల కంపెనీ కదా!"

జవహర్ ఫోను పెట్టేశాడు. శ్రీధర్ దాచింది ఉద్యోగం మారే సంగతి, అంతే. ఇంకో మూడున్నర గంటలు మిగిలాయి. వరండాలో పూర్ణిమ తండ్రి బస్సు దిగి నేరుగా వచ్చి కూర్చున్నాడు. ఖాకీ చొక్కా కూడా మార్చలేదు.

మొక్కలు మార్చిన మనిషి మిగిలిపోయిన తొమ్మిదింటినీ పారేయలేదు. ల్యాబు నియమం ప్రకారం మిగిలినవాటిని ఆవిరిలో ఉడికించి పారేయాలి. చేతిలో ఉన్న నారును అలా చంపడానికి ఆ మనిషికి మనసొప్పలేదు. మరి తొమ్మిది పనికిరాని మొక్కలనే చంపలేనివాడు నలభై ఒక్క మంచి మొక్కలను చంపుతాడా?

చంపడు. అవి బతికే ఉన్నాయి. బతకాలంటే వాటికి చల్లదనం, దీపం కావాలి. రెండూ ఈ భవనంలోనే ఉన్నాయి.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు అన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. జవహర్ కారిడార్ మధ్యలో కదలకుండా నిలబడ్డాడు. అర నిమిషం గడిచింది. జనరేటర్ దడదడమంటూ లేచింది. ఒక్కో గదిలోంచి ఒక్కో మోత మళ్ళీ మొదలైంది. మొక్కల గదిలో ఏసీ. జెల్లీ గదిలో ఫ్రిజ్. తర్వాత ఎడమ పక్క తలుపు వెనక నుంచి సన్నటి గుర్రుమనే చప్పుడు.

ఆ తలుపు మీద "పాత సామాను" అని రాసి ఉంది.

"ఇందులో నడిచే యంత్రం ఏముంది?" అని అరిచాడు.

హారిక పరుగెత్తుకు వచ్చింది. "ఏం లేదు. విరిగిన కుర్చీలు. మొలకలు పెట్టే పాత కూలింగు బీరువా ఒకటి, లోపల దీపాలుంటయ్. రెండేండ్ల కిందనే చెడిపోయింది."

తాళం చెవి గోడకు మేకు మీదే ఉంది, ఎవరైనా తీసుకోగలిగే చోట. లోపల కుర్చీల వెనక, పాత పరదా కింద, చెడిపోయిందన్న బీరువా చక్కగా గుర్రుమంటోంది. జవహర్ తలుపు లాగాడు. తెల్లటి వెలుతురు అందరి మొహాల మీదా పడింది.

నాలుగు అరల్లో గాజు జార్లు. చీటీల్లేవు. అయినా ఎవరో ఎంతో ఓపికగా వరస తప్పకుండా పేర్చారు. పూర్ణిమ మోకాళ్ళ మీద కూర్చుంది. వేలుతో లెక్కపెడుతూ ఒకచోట ఆగింది.

"పదిహేడు. దీని ఆకు పుట్టినప్పటి నుంచే వంకర. వరసల కూడ పదిహేడోదే ఉంది." ఆమె ఆ జారును గుండెకు హత్తుకుని ఏడ్చింది. "ఇవి నావే సార్."

"ఏడుపు తర్వాత," అన్నాడు జవహర్. "వేర్లు కత్తిరించు. ద్రావకంలో వెయ్యి. నీలం ఎక్కనీకె ఎంతసేపు?"

"మంచి మొక్కైతే రెండు మూడు గంటలు."

టైము రెండు కావస్తోంది.

*

నాలుగున్నరకు అందరూ మీటింగు గదిలో ఉన్నారు. నాగేశ్వర్ రావు బల్ల చివర. ఆయన ముందు పోలీసులకు రాసిన కాగితం, సంతకం ఇంకా పెట్టలేదు. హారిక, శ్రీధర్ ఒక పక్క. పూర్ణిమ, ఆమె తండ్రి ఇంకో పక్క. మైసమ్మ, బిక్షం గోడకు ఆని నిలబడ్డారు. కోదాడ నుంచి తిరిగొచ్చిన మనస్విని గొట్టాల స్టాండు తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది.

గొట్టాల అడుగున వేరు ముక్కలు నీలి మందులో ముంచి తీసినట్టున్నాయి. నలభై ఒకటీ.

నాగేశ్వర్ రావు ఒక గొట్టం తీసుకుని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చింపాడు. "బిడ్డా," అన్నాడు పూర్ణిమతో. గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టాడు. జవహర్ వైపు తిరిగాడు. "ఎవరు? నాకు పేరు కావాలె."

"చెప్త సేటూ. వరసగ చెప్త." జవహర్ కూర్చోలేదు. "మూడు వారాల కింద ఒక మనిషి వడ్లు ఒలిచి, మందు లేని జెల్లీలో మొలకేసిండు. చెడిపోయిన బీరువాను బాగు చేసుకుని, అండ్ల అసలు మొక్కలంత ఎత్తు వచ్చిందాక పెంచిండు. ఆదివారం నాడు జార్లు మార్చి, చీటీలు విప్పి కొత్తవాటికి తగిలిచ్చిండు. కెమెరాల ఏం కనపడలే. ఎందుకంటే కనపడేదాన్నే మనం చూడలే. రోజూ జార్లు పోతయ్, జార్లు వస్తయ్. ఆ ట్రాలీ దిక్కు ఎవరు చూస్తరు?"

గోడ దగ్గర ఎవరో కాలు మార్చుకున్న చప్పుడైంది.

"జెల్లీ కాయడం ముగ్గురికే వచ్చు," అన్నాడు శ్రీధర్ నెమ్మదిగా. "నేనూ ఒకణ్ణి."

"అవును సార్. కని మిగిలిన మొక్కలు ఇంకో సంగతి చెప్పినయ్. ఏసీ నీళ్ళ కాడ బకెట్టుల తొమ్మిది ఉన్నయ్. నలభై ఒకటి చాలు, యాభై పెంచిండు. సందులు పడ్తయని జర ఎక్కువ నారు పోసే అలవాటు. మిగిలినవాటిని పారెయ్యలే, నాటిండు. కుదురుకు మూడు, బొటనవేలుతో ఒత్తి. శ్రీధర్ సారుకు కుదురంటే ఏందో తెల్వదు. పూర్ణిమ జారుకు ఒకటి తప్ప రెండో మొక్క పెట్టి ఎరుగదు."

"నాకు తెలుసు గద!" అంది మైసమ్మ బెదిరిపోతూ. "నన్నంటున్నరా సారూ?"

"లేదు మైసమ్మా. నీకు టోపీ సంగతి తెల్వదు. జారులో పెరిగిన మొక్కకు బయటి గాలి తగిల్తే వాడిపోతది. మూత కింద తేమల ఉంచాలె. అది ల్యాబుల నేర్చుకునే పని. మడిల నాటే చెయ్యి, ల్యాబు తెలివి. రెండూ ఒక్క మనిషికే ఉన్నయ్."

"అయితే చెప్పు పేరు!" నాగేశ్వర్ రావు బల్ల మీద చెయ్యి వేశాడు. "ఈ పిల్లను జైలుకు పంపుదామనుకున్న ఆ మనిషెవడు?"

"జైలు అనుకోలే సేటూ. ప్రాజెక్టు ఒక్కసారి పడిపోవాలె అనుకున్నడు. పడితే, మళ్ళ మొదటి నుంచి చేయాలె. చేస్తే తన చేతితోనే కావాలె. అప్పుడన్న తన పేరు అడుగుతరు అనుకున్నడు. మోసమనీ, పోలీసులనీ మాట లేచేసరికి భయపడ్డడు. నోరు మూసుకుని నిలబడ్డడు. తప్పు అక్కడ పెద్దదైంది."

అతను దరఖాస్తు ఫైలు తీసి పూర్ణిమ ముందు పెట్టాడు.

"ఈడ రెండు పేర్లున్నయ్. రెండేండ్లు నీ కణాలు కుళ్ళిపోయినయ్. తర్వాత ఎవరో మండె కట్టినట్టు పెట్టమన్నరు. నువ్వు కండక్టర్ బిడ్డవు, సూర్యాపేటల పెరిగినవ్. మండె కట్టుడు నీకెట్ల తెలుసు? పొద్దున అడిగితే 'మేమే' అన్నవ్. ఆ మేములో ఈ ఫైల్ల లేని మనిషెవరు బిడ్డా?"

పూర్ణిమ ఫైలు వైపు చూడలేదు. ఆమెకు ఇప్పటికే తెలిసిపోయింది. బీరువాలో వరస తప్పని జార్లు చూసినప్పుడే తెలిసింది. ఆ వరస ఆమె తర్వాత ఇంకొక్కరికే కంఠతా వచ్చు.

"మూడో పేరు రాసిన సార్," అంది. "డిగ్రీ లేని మనిషి పేరు కమిటీ ముందర బాగుండదని తీసేసిన్రు. నన్ను సంతకం పెట్టమన్నరు. నేను అడ్డం చెప్పలే."

శ్రీధర్ తల దించుకున్నాడు.

బయట గేటు దగ్గర హారన్ మోగింది. కమిటీ బండి. ఎవరూ లేవలేదు.

పూర్ణిమ లేచి నిలబడింది. నీలం గొట్టాలను దాటి, తండ్రిని దాటి, నేరుగా గోడ వైపు చూసింది. అక్కడ నిలబడిన మనిషి చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. అతని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మొక్కలను పుట్టిచ్చింది ఆయనే, మార్చింది కూడ ఆయనే," అంది. పేరు గది అంతా వినపడేలా పలికింది.

"బిక్షమన్న."